ఒక్క గిటారు... మూడు వేదికలు!

నరసాపురంలో రైలు దిగి మాధవాయిపాలెం రేవుకు వస్తే ఎదురుగా వశిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్ల వరస. అదే సఖినేటిపల్లి. మధ్యలో ఉన్నది నిమిషాల ప్రయాణమే. కానీ దానికి పంటు ఎక్కాలి. మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, అరటి గెలలు, పెళ్లి బట్టల మూటలు, కాలేజీ పిల్లలు... అన్నీ, అందరూ ఆ పంటు మీదే. ఆ జనంలోనే ఒక్కోసారి భుజాన పొడుగాటి నల్ల సంచీ తగిలించుకున్న కుర్రాడూ కనిపిస్తాడు. సంచీలో ఉన్నది ఎలక్ట్రిక్ గిటారు!

కోనసీమ అనగానే కొబ్బరి, పూతరేకులు, వేదపండితులు గుర్తొస్తారు. మరి గిటారుకూ ఈ నేలకూ ఏమిటి సంబంధం? సంబంధం ఉంది. ఆ మాటకొస్తే, కరెంటుతో పలికే తీగ వాయిద్యాన్ని చేతబట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన తెలుగువాడు పుట్టింది ఇక్కడికి కూతవేటు దూరంలోనే. ఆ కథ తర్వాత చెప్పుకుందాం. ముందు ఊరు చూద్దాం.

రేవు చిన్నది... పేరు పెద్దది

మాధవాయిపాలెం పేరు ఇంగ్లిషు నిఘంటువుల్లోకి ఎక్కిందంటే నమ్మగలరా? ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇక్కడి నుంచి నేత బట్టలు ఓడలకెక్కి దేశాలు దాటేవి. ఆంగ్లేయుల నోట మాధవాయిపాలెం కాస్తా 'మాడపోలం' అయింది. ఒక రకం మెత్తని నూలు బట్టకు అదే పేరు స్థిరపడిపోయింది. నరసాపురం లేసు అల్లికలకైతే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నని దారంతో ఓపిగ్గా పనిచేయడం ఈ ఒడ్డుకు కొత్తకాదన్నమాట.

పంటు దిగితే సఖినేటిపల్లి. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒక పక్క వశిష్ఠ, మరో పక్క వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. నదుల మధ్య చిక్కుకున్న దీవిలాంటి రాజోలు సీమలో ఇది చిట్టచివరి కొస. మోరి, గొంది, గుడిమూల, అప్పనరాముని లంక, టేకిశెట్టిపాలెం, కేశవదాసుపాలెం, అంతర్వేది... అన్నీ ఈ మండలం ఊళ్లే. మోరి జీడిపప్పుకు పేరు. వరి, కొబ్బరి, చేపలు, రొయ్యలు జీవనాధారం. వీటికి తోడు గల్ఫ్ సంపాదన. కువైట్, దుబాయ్, మస్కట్ పేర్లు ఇక్కడ పక్క ఊరి పేర్లలా వినిపిస్తాయి.

ఇన్ని నీళ్ల మధ్య ఉన్న చోట పాటకు కరువుంటుందా? ఆదివారం చర్చిలో ఆరాధన. మాఘమాసంలో అంతర్వేది తీర్థం. ముహూర్తాలొస్తే పెళ్లి పందిళ్లు. డిసెంబరులో క్రిస్మస్ సంబరాలు. ఏడాది పొడవునా ఏదో ఒక వేదిక మీద మైకు వెలుగుతూనే ఉంటుంది.

మూడు రకాల పలుకు

గిటారు పట్టిన కుర్రాడికి ఇదే వరం. ఇదే చిక్కు.

చర్చిలో పాటకు అండగా నిలవాలి. శ్రుతులు ఒక్కొక్కటీ గాజుల గలగలలా స్పష్టంగా వినిపించాలి. పాట ఆగి ప్రార్థన మొదలైందా... సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు స్పీకరులోంచి 'గుయ్...' మని శబ్దం వస్తే అందరి తలలూ గిటారు వైపే తిరుగుతాయి.

తీర్థంలో ఆర్కెస్ట్రా సంగతి వేరు. హుషారు పాటకు గిటారు గర్జించాలి. డప్పుల మోతను, జనం ఈలలను దాటుకుని వినిపించాలి.

పెళ్లి పందిట్లో మరో తీరు. పెద్దవాళ్లు పాత మెలోడీలు అడుగుతారు. తెలుగు పాటంటే గమకాల పుట్ట. తీగను పక్కకు లాగి, స్వరాన్ని ఊయలలా ఊపాలి. ఇళయరాజా పాటలంటే మరీనూ. స్వయంగా గిటారిస్టుగా సినీరంగంలో పనిచేసిన మనిషి కదా... ఆయన బాణీల్లో గిటారుకు పెద్దపీట.

ఈ మూడింటికీ మూడు గిటార్లు కొనుక్కునే స్థోమత ఎంతమందికి ఉంటుంది? ఉన్నది ఒక్కటే గిటారు. కోల్‌కతాలో తయారైన గివ్‌సనో, ఏ యమహానో, గల్ఫ్ నుంచి బంధువుల సూట్‌కేసుల వెంట వచ్చిందో... అదే అన్నిటికీ పలకాలి. పలకకపోతే? పెళ్లికి పిలిచేవాళ్లు గిటారు వద్దు, కీబోర్డు చాలంటారు. కాదంటే డీజే బాక్సులు పెట్టేస్తారు. ఒక ఆర్కెస్ట్రాలో ఒక మనిషి సంపాదన అక్కడితో సరి.

అలాంటప్పుడు కొత్త గిటారు కొనడం ఒక దారి. ఉన్న గిటారుకే గొంతు మార్చడం రెండో దారి. గిటారుకు గొంతంటే... పికప్!

పికప్ అంటే బండికే కాదు

'బండికి పికప్ ఎలా ఉంది?' అని అడగడం అందరికీ అలవాటే. గిటారుకు ఉండే పికప్ వేరు. తీగల కింద, గిటారు పొట్ట మీద కనిపించే చిన్న డబ్బా అది. లోపల అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ తలవెంట్రుక అంత సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. ఒకటా రెండా... వేల చుట్లు! పేరున్న స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో దాదాపు ఎనిమిది వేలు.

పైనున్న ఉక్కు తీగను మీటగానే అది ఊగుతుంది. ఆ ఊపుకు కింది అయస్కాంత క్షేత్రం కదులుతుంది. ఆ కదలికకు రాగి చుట్టలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. కరెంటు తయారుచేసే జనరేటరూ ఇదే సూత్రం మీద తిరుగుతుంది. పికప్‌లో పుట్టిన ఆ చిన్న విద్యుత్తునే యాంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరుకు అందిస్తుంది.

అమెరికాలో జార్జ్ బోషాంప్ 1931లో ఇలాంటి పికప్‌తో గిటారు నమూనా తయారుచేశాడు. మరుసటేడు అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి మార్కెట్లోకి తెచ్చాడు. గుండ్రటి పొట్ట, పొడుగాటి కాడ... చూడ్డానికి అచ్చం అట్లపెనంలా ఉండేది. అందుకే దానికి 'ఫ్రైయింగ్ పాన్' అన్న ముద్దుపేరు వచ్చింది. అది ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయియన్ గిటారు. 1954లో ఫెండర్ కంపెనీ మూడు పికప్‌ల స్ట్రాటోకాస్టర్ విడుదల చేసింది. ఇవాళ దుకాణాల్లో వేలాడే గిటార్లలో చాలావాటి రూపం దాని నుంచి వచ్చిందే.

ఆ మూడు పికప్‌ల వెనక ఒక కిటుకు ఉంది. తీగ మెడ వైపు లావుగా ఊగుతుంది కాబట్టి అక్కడి పికప్ తియ్యగా, గుండ్రంగా పలుకుతుంది. బ్రిడ్జి వైపు ఊపు తక్కువ. అక్కడి పికప్ పదునుగా, గట్టిగా పలుకుతుంది. మధ్యలోది రెంటికీ నడుమ. స్విచ్చి తిప్పితే గొంతు మారుతుంది. మొదట ఆ స్విచ్చికి మూడే స్థానాలు. వాయించేవాళ్లు దాన్ని నడిమధ్యలో ఆపి, రెండు పికప్‌లను కలిపి మోగించి కొత్త పలుకు రాబట్టారు. అది చూసి కంపెనీ 1977లో అయిదు స్థానాల స్విచ్చి ఇచ్చింది. వాయించేవాళ్ల అవసరమే వాయిద్యాన్ని మార్చిందన్నమాట.

'ఆయ్... ముందు ట్యూబులైటు కట్టేయండి!'

ఒంటి చుట్ట ఉన్న పికప్‌ను సింగిల్ కాయిల్ అంటారు. పలుకు మంచి స్పష్టంగా ఉంటుంది. కానీ ఒక రోగం ఉంది. తీగల ఊపుతో పాటు చుట్టూ గాల్లో తిరిగే విద్యుత్ అలజడినీ అది లాగేసుకుంటుంది. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. అదే స్పీకరులో గుయ్‌మంటుంది. పందిట్లో సీరియల్ లైట్లు, పాత చోకుల ట్యూబులైట్లు, పక్కనే జనరేటరు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

'గురువుగారూ, బాక్సు గుయ్యిమంటందండీ!'

'ఆయ్... ముందు ట్యూబులైటు కట్టేయండి. తర్వాత చూద్దారి!'

ఈ తరహా మాటలు ఆర్కెస్ట్రా వేదికల దగ్గర కొత్తేమీ కాదు. లైటు ఆర్పితే కొంత తగ్గుతుంది. కానీ పెళ్లి పందిట్లో లైట్లన్నీ ఆర్పలేరుగా!

ఈ తలనొప్పికి మందు కనిపెట్టినవాడు గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేత్ లవర్. ఆయన ఆలోచన చాలా సులువైనది. ఒకటికి రెండు చుట్టలు పక్కపక్కన పెట్టాడు. రెండో చుట్టను తిరగేసి కలిపాడు. దాని అయస్కాంతం దిశనూ తిరగేశాడు. దాంతో బయటి నుంచి వచ్చే గుయ్ శబ్దం రెండింటిలో ఒకదానికొకటి ఎదురై రద్దయిపోతుంది. తీగల శబ్దం మాత్రం రెండూ కలిసి పెరుగుతుంది. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1957 నుంచి గిటార్లలో బిగించారు. గుయ్ శబ్దాన్ని అణిచేది కాబట్టి దాని పేరు హంబకర్. పలుకు లావుగా, బలంగా ఉంటుంది. హుషారు పాటలకు సరైన జోడీ. కాకపోతే సింగిల్ కాయిల్‌లోని ఆ గాజుల గలగల ఇందులో తగ్గుతుంది.

ఇదీ అసలు చిక్కు. ప్రార్థనలో నిశ్శబ్దం కావాలి. శ్రుతుల్లో గలగల కావాలి. తీర్థంలో గర్జన కావాలి. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతోంది. మరి దారేది? సమాధానం వెతకాలంటే ఒకసారి వెనక్కి, నది అవతలికి వెళ్లి రావాలి.

పాలకొల్లు చెప్పిన పాఠం

పంటు వద్దనుకునేవాళ్లు నరసాపురం నుంచి రోడ్డు మీదుగా చుట్టు తిరిగి రావచ్చు. ఆ దారిలో పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి తగులుతాయి. ఆ పాలకొల్లులోనే 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. ప్రపంచానికి ఆయన మాండలిన్ శ్రీనివాస్.

తండ్రి సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో పిల్లవాడు చేతికి తీసుకున్నాడు. కర్ణాటక సంగీతం నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు. చిత్రమేమిటంటే ఆ గురువుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. శిష్యుడు ఆ పాటను తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన వయసు 45 ఏళ్లే.

ఇందులో గిటారుకు పనికొచ్చే పాఠం ఏమిటి? మాండలిన్ పాశ్చాత్య వాయిద్యం. జంట తీగలు. మీటగానే టింగుమని మోగి వెంటనే ఆరిపోయే శబ్దం. గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలబడాలి కదా! శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నారు. జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు వేసుకున్నారు. పికప్ పట్టుకున్న స్వరం నిలబడింది. ఒంటి తీగ వేలి కింద ఒదిగింది. ఆలాపన సాగింది. 'ఇది మన సంగీతానికి పనికిరాదు' అన్నవాళ్లే తర్వాత చప్పట్లు కొట్టారు.

ఆయన పేరున్న వాయిద్యం వెతుక్కోలేదు. తన పాటకు ఏం కావాలో తెలుసుకుని, దానికి తగ్గట్టు వాయిద్యాన్ని మలుచుకున్నారు. పికప్ మార్చాలనుకునే ప్రతి కుర్రాడూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే. 'ఏది గొప్పది?' కాదు, 'నా ఊరు నన్ను ఏం వాయించమంటోంది?'

అన్నిటికీ పనికొచ్చే జోడీ

మూడు వేదికల గిటారుకు ఎక్కువమంది ఒప్పుకునే అమరిక ఒకటుంది. బ్రిడ్జి దగ్గర హంబకర్, మధ్యలో ఒకటి, మెడ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్. యమహా పసిఫికా 112 లాంటి గిటార్లు ఇదే అమరికతో వస్తాయి. తీర్థంలో బ్రిడ్జి హంబకర్. పెళ్లిలో మెలోడీకి మెడ పికప్. చర్చిలో మధ్య, మెడ పికప్‌లు రెండూ కలిపి. మధ్య పికప్ కొనేటప్పుడు తిరగేసి చుట్టినదేనా, అయస్కాంతం దిశ కూడా తిరగేసినదేనా అని అడగాలి. అలాంటిదైతే ఆ రెండూ కలిసి మోగినప్పుడు హంబకర్‌లాగే గుయ్ శబ్దాన్ని రద్దు చేస్తాయి. గలగలా మిగులుతుంది, నిశ్శబ్దమూ మిగులుతుంది!

బ్రిడ్జి హంబకర్‌కు నాలుగు వైర్లు ఉన్నది తీసుకుంటే మరో సౌకర్యం. చిన్న స్విచ్చితో అందులో ఒక చుట్టను ఆపేసి సింగిల్ కాయిల్‌లా వాడుకోవచ్చు. రెండే వైర్లున్నదైతే ఆ అవకాశం ఉండదు.

తర్వాత అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో ఒక రకం. సిరామిక్ మరో రకం. ఆల్నికో 2 మెత్తగా పలుకుతుంది. ఆల్నికో 5 స్పష్టంగా, కాస్త చురుగ్గా ఉంటుంది. సిరామిక్ పికప్‌లు ఎక్కువగా గర్జన కోసం చేసినవి. అన్ని రకాల పాటలకూ ఆల్నికో 5 నమ్మకమైన ఎంపిక.

డబ్బా మీద 'కిలో ఓమ్స్' అని ఒక అంకె ఉంటుంది. అది చుట్ట నిరోధం. పాత తరహా సింగిల్ కాయిల్‌కు 6 దగ్గర, పాత తరహా హంబకర్‌కు 8 దగ్గర ఉంటుంది. 12 నుంచి 16 వరకూ ఉన్నవి బాగా వేడి సరుకు. అంకె పెద్దదైతే గొప్పదనుకోవడం పొరపాటు. బ్రిడ్జి పికప్ మరీ బలంగా ఉంటే స్విచ్చి తిప్పగానే మిగతా రెండూ నీరసంగా వినిపిస్తాయి. పైగా అతి బలమైనది మామూలు శ్రుతుల్ని కూడా ముద్ద చేస్తుంది. మూడు వేదికల మనిషికి 8, 9 మధ్య ఉన్న హంబకర్ చాలు. కావాల్సిన గర్జనను ప్రాసెసర్ పెడల్ ఇస్తుంది.

తెలుగు పాటకు ప్రత్యేకమైన సంగతి ఇంకోటి. మామూలు పికప్‌లో ఒక్కో తీగ కింద ఒక్కో గుండ్రటి పోలు ఉంటుంది. గమకం కోసం తీగను బాగా పక్కకు లాగితే అది పోలు మీది నుంచి జరిగిపోతుంది. కొన్ని పికప్‌లలో ఆ చోట స్వరం కాస్త సన్నబడుతుంది. పోలుల బదులు పొడవాటి పట్టీ ఉన్న బ్లేడ్ రకం పికప్‌లలో ఈ ఇబ్బంది ఉండదు. సింగిల్ కాయిల్ సైజులోనే ఇమిడే బ్లేడ్ హంబకర్లూ దొరుకుతాయి. గుయ్ శబ్దం అసలే పడని వారికి మెడ దగ్గర ఇది మంచి ఆలోచన.

పేర్ల విషయానికొస్తే 1972లో సూపర్ డిస్టార్షన్‌తో మొదలైన డిమార్జియో, 1976లో మొదలైన సేమూర్ డంకన్ లోకమంతా తెలిసినవి. డంకన్‌లో బ్రిడ్జికి జేబీ, మెడకు జాజ్ అన్నది రెండు హంబకర్ల గిటార్లకు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న జంట. అయితే ఇలాంటి పికప్ ఒక్కటే ఒక్కోసారి మొదటి మెట్టు గిటారు మొత్తం ఖరీదుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి మూడూ ఒకేసారి మార్చాలని లేదు. ముందు బ్రిడ్జి ఒక్కటి మార్చి, నాలుగు కార్యక్రమాలు వాయించి చూసి, తర్వాత మిగతావాటి సంగతి ఆలోచించొచ్చు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. కానీ పాట మధ్యలో బ్యాటరీ అయిపోతే ఆ రాత్రి కొత్తది ఎక్కడ దొరుకుతుందో కూడా చూసుకోవాలి మరి!

జేబులో చెయ్యి పెట్టేముందు...

అసలు పికప్ మార్చాల్సిన అవసరం ఉందా? ముందు ఇవి చూడాలి.

కొత్త తీగలు వేసి ఎన్నాళ్లైంది? తుప్పు పట్టిన తీగ ఏ పికప్ మీదైనా మూగగానే పలుకుతుంది. పికప్ ఎత్తు సరిగ్గా ఉందా? చివరి మెట్టు మీద తీగను నొక్కి పట్టుకుంటే పికప్‌కూ తీగకూ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతిని చెడగొడుతుంది. దూరమైతే నీరసం. స్క్రూడ్రైవర్‌తో అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. వైరు పెట్టే జాక్ వదులైందా? నాబు తిప్పితే గరగరలాడుతోందా? చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

గిటారును నేరుగా మిక్సరులో గుచ్చడం మరో పొరపాటు. మామూలు మిక్సరు ఇన్‌పుట్ పికప్ పలుకులోని మెరుపును తినేస్తుంది. మధ్యలో డీఐ బాక్సో, ప్రాసెసరో ఉండాలి. 'ఈ గిటారు బాగోలేదు' అన్న మాటకు కారణం కొన్నిసార్లు గిటారు కానే కాదు.

అన్నీ చూశాక కూడా మార్చాల్సిందే అనుకుంటే టేపు తీయాలి. మొదటి తీగ నుంచి ఆరో తీగకు పికప్ దగ్గర దూరమెంత? 50 మిల్లీమీటర్లకు దగ్గరైతే ఒక సైజు, 52, 53 అయితే మరో సైజు. గిటారు చెక్కలోని గుంతలో కొత్త హంబకర్ పడుతుందా? లోపలి నాబులు ఎంతవి? సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్స్, హంబకర్‌కు 500 వాడటం రివాజు. రెండూ కలిసిన గిటారులో ఎక్కువగా 500 కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం... పాత వైర్లు విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో. తీసిన పాత పికప్‌లను పారేయకుండా దాచిపెట్టాలి. నచ్చకపోతే మళ్లీ బిగించుకోవచ్చు. టంకం వేయడం వచ్చిన రేడియో మెకానిక్ ఎవరైనా ఈ పని చేయగలరు.

ఉప్పుగాలి, ఎర్తు పిన్ను

సముద్రం పక్కనున్న ఊళ్లలో గిటారుకు ఇద్దరు శత్రువులు. మొదటిది ఉప్పుగాలి. తీగలు, స్క్రూలు, జాకు, స్విచ్చి... అన్నిటికీ తుప్పు తెస్తుంది. వాయించాక పొడిబట్టతో తీగలు తుడవాలి. సంచీలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయాలి. కొత్త పికప్ కొనేటప్పుడు చుట్టను మైనంలో ముంచి తీసినదేనా అని అడగాలి. ఆ మైనం చుట్టను కదలనివ్వదు. పెద్ద శబ్దంలో కీచుమనడం తగ్గుతుంది.

రెండో శత్రువు ఇంకా ప్రమాదం. ఎర్తు లేని కరెంటు! గుయ్ శబ్దం వస్తోందని కొందరు ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేస్తారు. శబ్దం తగ్గొచ్చు. కానీ గిటారు తీగలు వైరు ద్వారా యాంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. యాంప్లిఫయర్‌లో లోపముండి, ఎర్తు లేకపోతే ఆ కరెంటు తీగల్లోకి రావచ్చు. చేతిలో తీగలు, పెదవి దగ్గర మైకు... మధ్యలో మనిషి. బ్రిటన్‌లో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే 1972 మే నెలలో స్వాన్సీ వేదిక మీద ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని ప్రాణాలే పోగొట్టుకున్నాడు. వానకు తడిసిన పందిరి, జనరేటరు వైర్లు ఉన్నచోట ఇది మరింత గుర్తుంచుకోవాలి. గుయ్ శబ్దానికి మందు హంబకర్. ఎర్తు పిన్ను పీకడం ఎప్పటికీ మందు కాదు. పిల్లలకు గిటారు కొనిచ్చే తల్లిదండ్రులు పికప్ పేరు మరచిపోయినా ఫర్వాలేదు, ఈ మాట మాత్రం మరవకూడదు.

వెళ్లి వినాలంటే...

సఖినేటిపల్లి చూడాలంటే మాఘమాసం మంచి సమయం. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం. మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. 2020 సెప్టెంబరులో పాత రథం అగ్నికి ఆహుతైతే 2021లో కొత్త రథం తయారైంది. గుడి చూశాక వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు, దీపస్తంభం తప్పకుండా చూడాల్సినవి. తిరిగొస్తూ మోరిలో జీడిపప్పు, నరసాపురంలో లేసు అల్లికలు కొనుక్కోవచ్చు.

హైదరాబాద్ నుంచి నరసాపురానికి రైళ్లున్నాయి. అక్కడి నుంచి పంటు. వరద రోజుల్లో పంటు ఆగిపోతుంది కాబట్టి వానాకాలంలో వెళ్లేవాళ్లు ముందుగా వాకబు చేసుకోవాలి. రోడ్డు దారైతే పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా రాజోలు సీమలోకి రావచ్చు.

తీర్థంలో ఏ వేదిక దగ్గరైనా ఆర్కెస్ట్రా వినిపిస్తే కాసేపు ఆగండి. పాటకూ పాటకూ మధ్య గిటారు కుర్రాడు టక్కున ఒక స్విచ్చి తిప్పుతాడు. అంతవరకూ గర్జించిన గిటారు మరుక్షణం అమ్మ జోలపాటలా మారిపోతుంది. చూసేవాళ్ల కళ్లన్నీ పాడేవాళ్ల మీదే ఉంటాయి. ఆ మార్పు వెనక వేల చుట్ల రాగి తీగా, దాన్ని ఏరికోరి ఎంచుకున్న ఒక చెవీ ఉన్నాయని ఇకమీదట మీకైనా తెలుస్తుంది.